హైదరాబాద్ నుంచి డాలస్: అసలు ప్రయాణం ఎన్ని గంటలు?

హనుమకొండ చిన్నోడు:
జనవరిలో మా అమ్మ ఒక్కతే డాలస్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్తోంది. శంషాబాద్‌లో ఉదయం 10కి ఎక్కితే మధ్యాహ్నం 12:30కి దుబాయ్. అక్కడ 2:30కి ఇంకో విమానం, అదే రోజు రాత్రి 8:45కి డాలస్. టికెట్ మీద టైములు ఇవే. కూడితే పదకొండు గంటలు కూడా లేదు, అది ఎలాగూ నిజం కాదు. అమ్మకు పొద్దునా రాత్రీ ఇన్సులిన్ ఉంది. డాక్టరుగారు ఎక్కడ ఎన్ని గంటలు పడుతుందో రాసుకుని రమ్మన్నారు. ఎవరైనా విడమరిచి చెప్పండి. దూరం ఒకటే కదా, తిరుగు ప్రయాణంలో దుబాయ్ దాకా గంటన్నర పైగా తక్కువ చూపిస్తోంది, ఎందుకు?

సోషల్ మాస్టారు (రిటైర్డ్):
బాబూ, టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. అమ్మగారి చేతికి మన టైము గడియారమే ఉందనుకుని లెక్కెయ్యి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. అక్కడ 12:30 అంటే మనకు మధ్యాహ్నం 2, అంటే మొదటి విమానం 4 గంటలు. దుబాయ్‌లో ఆగేది 2 గంటలు, అంటే రెండో విమానం మన టైములో సాయంత్రం 4కి బయల్దేరుతుంది. శీతాకాలంలో డాలస్ మనకన్నా 11:30 గంటలు వెనక. అక్కడ రాత్రి 8:45 అంటే మనకు మర్నాడు ఉదయం 8:15. కాబట్టి రెండో విమానం 16:15 గంటలు. మొత్తం 22:15 గంటలు. డాక్టరుగారికి ఇదే చూపించు.

దూరం హైదరాబాద్–దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్–డాలస్ సుమారు 12,900. గ్లోబు మీద దుబాయ్ నుంచి డాలస్‌కు దారం బిగించి చూడు, గ్రీన్‌లాండ్ మీదుగా పోతుంది. అదే దగ్గరి దారి. గోడ మీది మ్యాపులో మాత్రం చుట్టు తిరిగినట్టు కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి నేరుగా కొలిచినా 14,400 దాకా ఉంటుంది, దుబాయ్ మీదుగా వెళ్లడం వల్ల పెరిగేది వెయ్యి కిలోమీటర్లే.

ఇక తిరుగు ప్రయాణం. పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. ఏటికి ఎదురీదడం లాంటిదే. అందుకే దూరాన్ని విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు అనుకుని భాగిస్తే టికెట్ మీది టైము రాదు. నేల మీద విమానం నెమ్మదిగా నడిచే సమయం కూడా అందులో ఉంటుంది.

ఇర్వింగ్ కోడలు:
మాస్టారి లెక్క సరిపోయింది. తమ్ముడూ, ఇన్సులిన్ చెకిన్ బ్యాగులో పెట్టకండి, కింద గడ్డకట్టే ప్రమాదం ఉంది. ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలోనే ఉండాలి. మా అత్తయ్యకు కాగితం మీద "మన టైము" అని పెద్దక్షరాలతో మందుల వేళలు రాసి, ఒక చేతిగడియారం మన టైములోనే ఉంచేశాం. ఫోన్ దిగగానే టైము మార్చేసుకుంటుంది, దాన్ని నమ్ముకుంటే డోసు తారుమారవుతుంది. వీల్‌చెయిర్ ఇప్పుడే అడిగిపెట్టండి, దుబాయ్‌లో గేట్లు చాలా దూరం.

హనుమకొండ చిన్నోడు:
మాస్టారూ, అక్కా, చాలా థ్యాంక్స్. గంటల లెక్క మన టైములో కాగితం మీద రాసేశాను. రేపు డాక్టరుగారికి చూపిస్తాను. రాత్రి డోసు ఎప్పుడు, ఎంత అనేది ఆయనే చెప్పాలి. వీల్‌చెయిర్‌కు ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.