పిండికట్టు వేశాక నొప్పి: ఎప్పుడు డాక్టర్‌ని పిలవాలి?

అందరికీ నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నాను, ఇప్పుడు ఆర్థో వార్డులో పోస్టింగ్. మోకాలి కింద టిబియా ఎముక విరిగి పిండికట్టు వేసినవాళ్ళలో కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌ని (కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ తగ్గిపోయే ప్రమాదకర స్థితి) ఎక్కడ గుర్తించలేకపోతానో అని నా టెన్షన్. ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గని నొప్పి, కాలి వేళ్ళను మనం మెల్లగా వంచితే ఇంకా పెరిగే నొప్పి ముందు వస్తాయని, నాడి అందకపోవడం చాలా ఆలస్యంగా కనిపిస్తుందని చదివాను. అంటే నాడి బాగుందని ఊరుకోకూడదు. కానీ విరిగిన కాలు ఎలాగూ నొప్పి పెడుతుంది కదా! చెప్పుకోలేని చిన్నపిల్లలైతే మరీ కష్టం.

రాత్రి డ్యూటీలో మీరు ఏం చూసి డాక్టర్‌ని లేపుతారు? ఇంకొకటి, మామూలు వాపుకి కాలు ఎత్తులో పెట్టమంటారు, ఈ అనుమానం వస్తే మాత్రం గుండె ఎత్తుకే ఉంచమంటారు. డాక్టర్ వచ్చేలోపు మేం ముందు ఏం చేయాలి? ఆర్థోలో పనిచేసినవాళ్ళు దయచేసి చెప్పండి.