యానిమేషన్ టీచర్ అవ్వాలంటే విదేశాలకు వెళ్లాల్సిందేనా?

పెన్సిల్_గుంటూరు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ యానిమేషన్ చేసి, కొంతకాలం స్టూడియోలో పనిచేసి, ఇప్పుడు అరండల్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టూడీ, మాయా సాఫ్ట్‌వేర్ చెబుతున్నాను. స్టూడియో పని కన్నా పాఠం చెప్పడమే నాకు నచ్చింది. జీవితాంతం ఇదే చేయాలని ఉంది, అయితే యూనివర్సిటీలో. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్లు, కెనడాలో ఏడాది కోర్సు చేసి వస్తే ఇక్కడ ఎక్కడైనా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకుంటారని చెప్పారు. నాన్న తెనాలి దగ్గరున్న పొలం బ్యాంకులో తాకట్టు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. నాకే ధైర్యం చాలడం లేదు. తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బెంజ్‌సర్కిల్_వాసి:
వెళ్లండి, ఆలోచించకండి. మన దగ్గర యానిమేషన్ నేర్పడమంటే సాఫ్ట్‌వేర్ నేర్పడమే. మొదట ఫోటోషాప్, తర్వాత మాయా, చివర్లో హడావుడిగా ఒక షోరీల్, అంటే చేసిన పని చూపించే చిన్న వీడియో. నేలకు తగిలిన బంతిలో బరువు ఎలా కనపడాలి, మనిషి కుర్చీలోంచి లేచే ముందు ఒళ్లు ఎందుకు ముందుకు వంచుతాడు, ఇవి చెప్పేవాళ్లు తక్కువ. పారిస్‌లోని గోబ్లాన్ స్కూల్ విద్యార్థుల చిన్న సినిమాలు ఏళ్లుగా ఆన్సీ యానిమేషన్ ఉత్సవంలో ప్రదర్శనల ముందు వేస్తున్నారు. విద్యార్థుల పని ఆ స్థాయిలో ఉండే చోట కూర్చుని నేర్చుకున్న మనిషి, గుంటూరు వచ్చి చెబితే ఇక్కడి పిల్లల గతి మారదా?

ఫైన్‌ఆర్ట్స్_మేడం:
అమ్మాయ్, ముందు ఆ పొలం కాగితాలు బీరువాలోనే ఉంచమని నాన్నగారికి చెప్పు.

నీకు చెప్పిన మాట తప్పు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సంబంధిత సబ్జెక్టులో 55 శాతం మార్కులతో మాస్టర్స్ కావాలి. దానిపైన లెక్చరర్ల అర్హత పరీక్ష, జాతీయ స్థాయి నెట్ గానీ మన రాష్ట్రం ఏపీసెట్ గానీ పాసవ్వాలి. మనవాళ్లు ఎక్కువగా రాసేది విజువల్ ఆర్ట్స్ పేపరు. కెనడా కాలేజీలు ఇచ్చే ఏడాది పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ మాస్టర్స్ డిగ్రీ కాదు. అందులో చదువు బాగా ఉండొచ్చు, స్టూడియో ఉద్యోగానికి పనికిరావచ్చు. ఇక్కడ సెలక్షన్ కమిటీ ముందు పెడితే మాత్రం నీ దగ్గర ఉన్నది బీఎఫ్‌ఏ ఒక్కటే అంటారు.

నిజమైన మాస్టర్స్ చేసి వచ్చినా దానికి ఇక్కడ సమానత్వ ధ్రువపత్రం, అంటే మన డిగ్రీకి సమానమని చెప్పే కాగితం తీసుకోవాలి. ఇంతకాలం ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) ఇచ్చేది. 2025లో యూజీసీ దీనికి కొత్త నిబంధనలు తెచ్చింది. ఆ సంస్థకు అక్కడి ప్రభుత్వ గుర్తింపు ఉందా లేదా అన్నది మొదట చూస్తారు. విదేశీ చదువుతో నెట్ తప్పే దారి కూడా ఒకటుంది: ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ. దాని పేరు కన్సల్టెన్సీలో ఎవరూ ఎత్తరు.

2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పోస్టు గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. దానికి డిగ్రీ పట్టింపు లేదు కానీ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం అడుగుతారు. పైగా అది పర్మనెంట్ పోస్టు కాదు. ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పడానికైతే వీటిలో ఏదీ అక్కర్లేదు, నువ్వు ఇప్పుడు చెబుతూనే ఉన్నావు.

రిగ్గింగ్_అన్న:
మాది పటమట, పనిచేసేది కెనడాలోని వాంకూవర్‌లో. కాగితాల విషయంలో మేడం మాటకు తిరుగులేదు. కానీ చెల్లెమ్మా, ఆ భయంతో వెళ్లడం మానుకోవద్దు. ఇక్కడ రోజూ షాట్లు చూసే డైలీస్‌లో మా సూపర్‌వైజర్ బాగా లేదు అని ఎప్పుడూ అనరు. ఫ్రేమ్ ఆపి, దానిమీదే పెన్నుతో గీసి, ఈ మనిషి ఎవరిని చూస్తున్నాడు, ఏం దాస్తున్నాడు అని అడుగుతారు. జవాబు వెతుక్కుంటూ వెళ్లి మనమే షాట్ సరిచేసుకుంటాం. పాఠం చెప్పడం అంటే నాకు అదే. మన ఊళ్లో మా సారు మా ఫైలు తీసుకుని ఆయనే సరిచేసి ఇచ్చేవారు. మంచి మనిషి. కానీ మేం నేర్చుకుంది తక్కువ.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ఇక్కడి కోర్సులు యానిమేటర్‌ను తయారు చేస్తాయి, టీచర్‌ను కాదు. బ్రిటన్‌లో పీజీసీఈ ఉంది కదా అంటారు, అది ప్రధానంగా స్కూలు టీచర్ల కోసం. ఖర్చు టెన్షన్ అయితే జర్మనీ చూడు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అంటే దాదాపు 12 లక్షలు. అది ఫీజు కాదు, నెలనెలా నీ ఖర్చుకే వస్తుంది. ఆర్ట్ స్కూళ్లలో చాలావాటికి జర్మన్ భాష రావాలి, ఇప్పుడే మొదలుపెట్టాలి.

కృష్ణలంక_కుర్రాడు:
అందరూ వెళ్లడం గురించే మాట్లాడుతున్నారు. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి వచ్చి ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ యూనిట్‌లో మనవాళ్లకు నేర్పారు. రామ్ మోహన్ గారు ఆయన దగ్గర అక్కడే నేర్చుకుని, ఈ దేశంలో యానిమేషన్‌కు పెద్దదిక్కు అయ్యారు. ఆ యూనిట్ మొదట్లో తీసిన సినిమా కూడా జాతక కథే.

జాతక కథలన్నా, బుద్ధుడి జీవిత ఘట్టాలన్నా మన అమరావతి శిల్పులకు తెలిసినంత ఎవరికి తెలుసు? స్తూపం పలక ఒకటి చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒకే వలయంలో, బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వస్తోంది, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లింది. కిటికీల్లోంచి చూసే ఆడవాళ్ల భయం కూడా చెక్కారు. పెన్సిల్ గారూ, మీ క్లాసులో ఆ రెండు ఏనుగులను కీ పోజులుగా, అంటే కదలికలో ముఖ్యమైన భంగిమలుగా ఇచ్చి మధ్య డ్రాయింగులు పిల్లలతో వేయించండి. ఆ బరువు ఎక్కడ ఆగింది, ముందు ఏ కాలు వంగింది, తొండం ఎప్పుడు దిగింది? సెమిస్టర్ మొత్తానికి సరిపోయే పాఠం అది. దానికి వీసా అక్కర్లేదు.

బెంజ్‌సర్కిల్_వాసి:
తమ్ముడూ, వీక్స్ గారు బయట నేర్చుకుని వచ్చినవారే కదా. నువ్వు చెప్పింది నా మాటకే బలం.

కృష్ణలంక_కుర్రాడు:
ఆయన ఏళ్ల తరబడి స్టూడియోలో బొమ్మలు వేసి వచ్చారండీ, ఏడాది కోర్సు చేసి కాదు.

పెన్సిల్_గుంటూరు:
ఏనుగు పాఠం సోమవారమే మొదలుపెడతాను, చాలా థాంక్స్. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి, అసిస్టెంట్ ప్రొఫెసర్ మాట కాగితం మీద రాసివ్వమని అడిగాను. మేనేజర్‌తో మాట్లాడి చెబుతామన్నారు, మళ్లీ ఫోన్ లేదు. మేడం, మాస్టర్స్ ఇక్కడే చేసి, తర్వాత బయటికి వెళితే?

ఫైన్‌ఆర్ట్స్_మేడం:
నా ఓటు దానికే. డిజైన్ మాస్టర్స్‌లో చేరడానికి సీడ్ పరీక్ష రాయి. ఐఐటీ బొంబాయిలో యానిమేషన్‌లో ఎం.డెస్ (డిజైన్‌లో మాస్టర్స్) ఉంది. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, దానికి వాళ్ల పరీక్ష వేరు. మాస్టర్స్ చేతిలో ఉంటే నెట్ రాయొచ్చు, తర్వాత పీహెచ్‌డీకి బయటికి వెళ్లొచ్చు. అప్పుడు పొలం తాకట్టు లేకుండా స్కాలర్‌షిప్ అడిగే హక్కు నీకుంటుంది.

రిగ్గింగ్_అన్న:
మేడం, ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. ముందు పీహెచ్‌డీ దాకా చదివి, తర్వాత చూద్దాం అంటే చెయ్యి పోతుంది. రోజూ గీయని మనిషి థీసిస్ రాయగలదు కానీ, పిల్లవాడి షాట్ ముందు నోరు పెగలదు. చెల్లెమ్మా, ఏ దేశమైనా సరే, స్టూడియో పని వదలకు. సాయంత్రాలు ఫ్రీలాన్స్ అయినా చెయ్యి.

ఫైన్‌ఆర్ట్స్_మేడం:
గీయడం ఆపొద్దన్న మాట నేనూ ఒప్పుకుంటాను బాబూ. ఇక్కడి కాలేజీల్లో పిల్లలు నష్టపోతున్నది చెప్పేవాళ్లు గీయడం ఆపేయడం వల్లే. అయినా మాస్టర్స్ లేకపోతే ఆ అమ్మాయిని ఇంటర్వ్యూకే పిలవరు.

పెన్సిల్_గుంటూరు:
సీడ్‌కు అప్లై చేస్తున్నాను. జర్మనీలో రెండు స్కూళ్లకు ఈమెయిల్ కూడా రాస్తున్నాను: వాళ్లిచ్చేది మాస్టర్స్ డిగ్రీయేనా, ప్రభుత్వ గుర్తింపు ఉందా, పాఠం ఏ భాషలో అని. నాన్నతో రాత్రి మాట్లాడాను. పొలం సంగతి ఆ జవాబులు వచ్చాకే అన్నారు. వాళ్లు ఏం రాసినా ఇక్కడ పెడతాను, మేడం మీరు ఒకసారి చదివి చెప్పాలి.