పోలిష్ రాక్ పాటల అర్థం చెప్పేవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. నెల రోజులుగా 1980ల నాటి పోలిష్ రాక్ వింటున్నాను. 1981 డిసెంబర్ 13న అక్కడ మార్షల్ లా పెట్టారు. ఆ గడ్డు రోజుల్లోనే పెర్ఫెక్ట్, మానామ్, రెపుబ్లికా అనే బ్యాండ్ల పాటలు జనం నోళ్లలో నానాయి. పెర్ఫెక్ట్ కచేరీల్లో "మేం మేముగా ఉండాలి" అనే పల్లవిని జనం "జోమోను కొట్టాలి" అని మార్చి పాడేవారట. జోమో అంటే అల్లర్లను అణచే పోలీసు దళం. పోలిష్‌లో ఆ రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. అది తెలిశాక మళ్లీ వింటే ఒళ్లు గగుర్పొడిచింది.

నాకు పోలిష్ రాదు. ట్రాన్స్‌లేటర్ యాప్‌లో పెడితే మాటలు వస్తున్నాయి గానీ, సెన్సార్ కళ్లుగప్పి దాచిన అర్థం అందట్లేదు. రెపుబ్లికా పాటలైతే మరీనూ. పోలండ్‌లో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా కాస్త విడమరిచి చెబుతారా? అలాగే 1960ల నాటి గాయకుడు చెస్వాఫ్ నీమెన్ నుంచి వరసగా వినాలంటే ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటారు?