కొలీజియం చేసేది 'సిఫార్సు' అనొచ్చా?

సుప్రీంకోర్టు, హైకోర్టు జడ్జీలుగా ఎవరిని నియమించాలో పేర్లు పంపే సీనియర్ న్యాయమూర్తుల బృందమే కొలీజియం. దాని గురించి ఈ గ్రూపులో ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "కొలీజియం ఫలానా పేరు సిఫార్సు చేసింది, కేంద్రం ఇంకా ఆమోదించలేదు" అని పేపర్లో చదివితే, సిఫార్సే కదా, ఒప్పుకోవాలా వద్దా అన్నది కేంద్రం ఇష్టమే కదా అనిపిస్తుందన్నారు. అలా అనిపించడం సహజం. ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన ఈ మాటను రోజూ ఎక్కడ వాడతాం? తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే ఇచ్చే సిఫార్సు లేఖ దగ్గర. రాసినాయనకు పలుకుబడి ఉంటుంది, టికెట్ ఇచ్చే అధికారం మాత్రం అవతలివాళ్లది.

కొలీజియం సంగతి వేరు. అసలు రాజ్యాంగంలో కొలీజియం అన్న మాటే లేదు. 124(2) అధికరణంలో ఉన్నదల్లా రాష్ట్రపతి న్యాయమూర్తులను 'సంప్రదించి' నియమించాలని, ప్రధాన న్యాయమూర్తి కాకుండా వేరే జడ్జిని నియమించేటప్పుడు ప్రధాన న్యాయమూర్తిని తప్పకుండా సంప్రదించాలని. గొడవంతా ఈ సంప్రదించడం దగ్గరే మొదలైంది. 1949 మేలో రాజ్యాంగ సభలో, సంప్రదింపు చాలదు, ప్రధాన న్యాయమూర్తి సమ్మతి ఉండాలి అని ఒక సవరణ వస్తే అంబేద్కర్ ఒప్పుకోలేదు. ప్రధాన న్యాయమూర్తి కూడా మనిషే, మనందరికీ ఉండే బలహీనతలు ఆయనకూ ఉంటాయి, ఆ ఒక్కరి చేతికి వీటో ఇవ్వడం ప్రమాదం అని ఆయన వాదన. 1981లో ఎస్పీ గుప్తా కేసులో సుప్రీంకోర్టు కూడా సంప్రదింపు వేరు, సమ్మతి వేరు అనే తేల్చింది.

1993 అక్టోబర్ 6న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 7-2 తేడాతో దాన్ని తిరగరాసింది. నియామకాల్లో ప్రధాన న్యాయమూర్తి మాటదే పైచేయి అంది, అయితే అది ఆయన సొంత మాట కాకూడదు, తన తర్వాతి ఇద్దరు సీనియర్లతో కలిసి చెప్పాలి అంది. 1998లో రాష్ట్రపతి పంపిన ప్రశ్నలకు జవాబిస్తూ సుప్రీంకోర్టు నియామకాల వరకు ఆ ఇద్దర్ని నలుగుర్ని చేసింది. ఈ బృందాన్నే కొలీజియం అంటున్నాం. కేంద్రం కారణాలు చెప్పి పేరు వెనక్కి పంపొచ్చు, కానీ కొలీజియం ఏకగ్రీవంగా మళ్లీ అదే పేరు పంపితే నియమించాల్సిందే. ఇంత బరువున్నదాన్ని సిఫార్సు అంటే ఎలా?

ఇంకో చిక్కుంది. రెండోసారి పేరు పంపినప్పుడు కూడా మన పేపర్లు "మళ్లీ సిఫార్సు చేసింది" అనే రాస్తాయి. చట్టప్రకారం అక్కడ పరిస్థితి మొత్తం మారిపోయింది, పాఠకుడికి మాత్రం ఇంకోసారి అడిగారులే అనిపిస్తుంది. కొందరు 'పునరుద్ఘాటించింది' అంటారు, తప్పు కాదు గానీ అది వేదిక మీద ఉపన్యాసంలా ఉంటుంది. మొదటిసారికి 'ప్రతిపాదించింది', రెండోసారికి 'అదే పేరుకు కట్టుబడింది' అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ఇలా అంటున్నానని నేను కొలీజియాన్ని వెనకేసుకొస్తున్నట్టు అనుకోకండి. కొలీజియం స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసినప్పుడు ఆ ఒక్క అసమ్మతి తీర్పు రాసింది మన కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ చలమేశ్వర్. ఎవరేమన్నారో కొలీజియం సమావేశాల్లో రాసిపెట్టడం లేదని ఆ మరుసటేడాది ఆయన వాటికి వెళ్లడమే మానేశారు. 2017 అక్టోబర్ నుంచి కొలీజియం తీర్మానాలను సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలైంది. ఆ పద్ధతి మీద ఎన్ని అభ్యంతరాలైనా ఉండనీయండి, దాన్ని విమర్శించాలన్నా ముందు ఎవరి చేతిలో ఎంత అధికారం ఉందో చదివేవాడికి తెలియాలి కదా.

'ఆమోదించలేదు' అన్నదానికీ నాకు అభ్యంతరమే. రెండోసారి వచ్చిన పేరు విషయంలో కేంద్రం చేయాల్సింది ఆమోదం కాదు, నియామక ప్రక్రియ పూర్తి చేయడం. అది ఎన్నాళ్లలో జరగాలో రాజ్యాంగం గడువు పెట్టలేదు, అందుకే ఫైళ్లు ఆగుతున్నాయి. కాబట్టి అలాంటప్పుడు 'నియామక ఉత్తర్వు ఇంకా రాలేదు' అని రాస్తే చాలు. డెస్కుల్లో పనిచేసేవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు కదా, హెడ్డింగులో పట్టదంటారా?