చర్చ: బోరు గుంతలో పట్టే న్యూట్రినో యాంటెన్నా అనంతపురంలో చేసే ప్రాజెక్టేనా?

హిందూపురం_ఈసీఈ: నేను అనంతపురంలో బీటెక్ ఫైనల్ ఇయర్. న్యూట్రినోలంటే ఆవేశం లేని, దాదాపు దేన్నైనా దూసుకుపోయే సూక్ష్మ కణాలు. వాటిని రేడియో సిగ్నల్‌తో పట్టడానికి దక్షిణ ధ్రువం దగ్గర అస్కార్యన్ రేడియో అర్రే, అంటే ఆరా వాళ్లు, మంచులో 200 మీటర్ల లోతు దాకా సన్నటి గుంతలు వేసి యాంటెన్నాలు దించారు. గుంత వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లే. అలాంటి గుంతలో పట్టే యాంటెన్నా చేతులతో తయారు చేయాలని నా కోరిక. బ్యాచ్‌లో మిగతావాళ్లు సిమ్యులేషన్‌తో ముగిద్దాం అంటున్నారు. గైడ్ సార్ "ఇక్కడ మంచెక్కడిది?" అన్నారు. మీరేమంటారు?

ఓర్వకల్లు_సోలార్: గైడ్ చెప్పిందే సరి. మంచు లేని చోట మంచు యాంటెన్నా ఎందుకు తమ్ముడూ? 5జీ ప్యాచ్ యాంటెన్నా చెయ్యి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఉంటుంది.

యర్రగుంట్ల_వాసి: 15 సెంటీమీటర్లంటే ఇంచుమించు మన బోరే కదప్పా. మా చేన్లో నీళ్లు పడని బోర్లున్నాయి. వాటిలోనే దించి న్యూట్రినోలు పట్టలేమా?

గుత్తి_రేడియో: బోరులో నీళ్లు పడకపోయినా రాతిలో తేమ ఉంటుంది. రేడియో తరంగం అందులో ఎంతో దూరం పోదు. ధ్రువం దగ్గరి చల్లటి మంచులో కిలోమీటరు దాకా పోతుంది, అందుకే అక్కడికి వెళ్లారు.

ఇక ప్రాజెక్టు సంగతి. గొప్ప శక్తి ఉన్న న్యూట్రినో మంచులో ఢీకొంటే కణాల జల్లు పుడుతుంది. ఆ జల్లు దారిలోని ఎలక్ట్రాన్లను తనతో ఈడ్చుకుపోతుంది. దాంతో అందులో రుణావేశం 20 శాతం దాకా ఎక్కువవుతుంది. మంచులో కాంతి పోయే వేగంకన్నా జల్లు వేగం ఎక్కువ కాబట్టి నానోసెకను పాటి రేడియో పల్స్ వస్తుంది. 1962లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త అస్కార్యన్ చెప్పిన మాట ఇది. 2000లో అమెరికాలోని స్లాక్ కణ త్వరణ ప్రయోగశాలలో దీన్ని మొదట రుజువు చేసింది మంచులో కాదు, మూడున్నర టన్నుల ఇసుకలో!

యాంటెన్నాకు అసలు కష్టం గుంత వెడల్పే. 200 మెగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం 150 సెంటీమీటర్లు, మంచులో 84. సగం తరంగమన్నా 42 సెంటీమీటర్ల డైపోల్ (రెండు కడ్డీల యాంటెన్నా) కావాలి. నిలువుగా అయితే పడుతుంది, అడ్డంగా పట్టదు. పోలరైజేషన్, అంటే తరంగం నిలువుగా ఊగుతుందా అడ్డంగా ఊగుతుందా అన్నది, తెలియకుండా న్యూట్రినో వచ్చిన దిక్కు సరిగా చెప్పలేం, కాబట్టి అడ్డం సిగ్నల్ కూడా కావాలి. అందుకే ఆరా వాళ్లు రాగి గొట్టానికి చీలికలు పెట్టి, లోపల ఫెర్రైట్ (ఇనుప ఆక్సైడ్ కలిసిన అయస్కాంత పింగాణీ) నింపి స్లాట్ యాంటెన్నా చేశారు. ఈ కుర్రాడు పట్టుకోవాల్సిన సమస్య ఇదే. దీనికి మంచు అక్కర్లేదు.

ప్రొద్దుటూరు_లెక్చరర్: సిమ్యులేషన్‌ను తక్కువ చేయకండి. ఆరా యాంటెన్నాల ఆకారాలను జన్యు అల్గారిథమ్‌తో, అంటే మంచి ఆకారాలను కలిపి మార్చి మళ్లీ పరీక్షించే పద్ధతితో, వెతికే బృందాలు ఉన్నాయి.

ఓర్వకల్లు_సోలార్: గుత్తి సార్, 1962 నుంచి రేడియోతో ఖాయంగా ఒక్క న్యూట్రినో అయినా దొరికిందా? 2023 ఫిబ్రవరి 13న మధ్యధరా సముద్రంలో నీటి అడుగునున్న కేఎం3నెట్ డిటెక్టర్‌కు దొరికిన 220 పీటా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినో కాంతితో దొరికింది. మీ రేడియోతో కాదు.

గుత్తి_రేడియో: దొరకలేదు, నిజం. అందుకే కొత్త యాంటెన్నాలు కావాలి. దక్షిణ ధ్రువం దగ్గరే ఉన్న ఐస్‌క్యూబ్ డిటెక్టర్‌లో ఒక్క ఘన కిలోమీటరు మంచుకు 5,160 కాంతి సెన్సర్లు పెట్టారు. ఆ శక్తి న్యూట్రినోలు ఎంత అరుదంటే ఆ ఒక్క ఘన కిలోమీటరు చాలదు. కాంతికి మంచులో వంద మీటర్ల ప్రాంతమే లెక్క, రేడియోకు దాదాపు కిలోమీటరు. తక్కువ గుంతలతో ఎక్కువ మంచును కాపలా కాయొచ్చు. గ్రీన్‌లాండ్‌లో ఆర్‌ఎన్‌ఓ-జీ అనే రేడియో ప్రయోగం 35 స్టేషన్లు పెట్టే లక్ష్యంతో మొదలైంది అందుకే.

ఇదంతా మనది కాదనుకోవద్దు. 1965లో కోలార్ గనుల్లో వాతావరణ న్యూట్రినోలను గుర్తించారు. హిందూపురం పక్కనే ఉన్న గౌరీబిదనూరులో వెయ్యి డైపోల్స్‌తో 34.5 మెగాహెర్ట్జ్ టెలిస్కోపు కట్టారు.

యర్రగుంట్ల_వాసి: సున్నపురాయిలో కూడా రేడియో తరంగం పోదా సార్?

ఓర్వకల్లు_సోలార్: కోలార్ కథలు చెప్పి పిల్లల జీవితాలతో ఆడుకోవద్దు. నాకూ ఇలాగే ఒక గైడ్ తన ఇష్టం కొద్దీ పెద్ద టాపిక్ తగిలించాడు. కాలేజీలో కొలిచే పరికరం లేదు. చివరికి హైదరాబాద్‌లో తయారు ప్రాజెక్టు కొని ఇచ్చాం. ఇంటర్వ్యూలో "నువ్వు ఏం కొలిచావు?" అని అడిగితే నోరు పెగల్లేదు. మా నాయన బ్యాంకు లోన్ కట్టింది ఇందుకా? మీకేం, మీ జీతం మీకు వస్తుంది!

గుత్తి_రేడియో: జీతం మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. నేను పని చేసిన చోట యాంటెన్నాను పరీక్షించడానికి ఇసుక గుంత అడిగితే "అచ్చు వేసిన రిపోర్టు చాలు" అన్నారు. బ్యాచ్ మీద బ్యాచ్ రాగిరేకు తాకకుండా పట్టా తీసుకుపోయింది. నా కడుపుమంట అదే. మీకు పరికరం లేకుండా చేసినవాళ్ల మీద ఉండాల్సిన కోపం న్యూట్రినోల మీద చూపిస్తున్నారు.

ఓర్వకల్లు_సోలార్: నా కోపం టాపిక్ మీద కాదు. పని చెడితే దెబ్బ ఎవరికి అన్నదాని మీద. గైడ్‌కు ఏమీ కాదు. లోన్ తీసుకున్న ఇంటికి అవుతుంది. ఆ పూచీ ఎవరు తీసుకుంటారో చెప్పండి, తర్వాత అస్కార్యన్ గురించి మాట్లాడదాం.

గుత్తి_రేడియో: ఆ ప్రశ్న న్యాయమైనది. కొలత పుట్టేలా ప్రాజెక్టు పెడితే చెడినా చేతిలో పని మిగులుతుంది. పెన్నా ఇసుక బాగా ఎండబెట్టండి. ఎండు ఇసుక వక్రీభవన గుణకం (తరంగం అందులో ఎంత నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) సుమారు 1.6, లోతు మంచుది 1.78. ఆరంగుళాల పీవీసీ గొట్టం నిలబెట్టి చుట్టూ మీటరు మందాన ఇసుక పోయండి. మంచు గుంతలోని గాలి ఖాళీ కూడా వచ్చేస్తుంది. యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం నానోవీఎన్ఏ కొన్ని వేలకే వస్తుంది. ముందు గాలిలో, తర్వాత ఇసుకలో కొలిచి రెండు గ్రాఫులూ సిమ్యులేషన్ పక్కన పెట్టండి. తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగితే ఏ ఇంటర్వ్యూలోనైనా నిలబడతారు.

ప్రొద్దుటూరు_లెక్చరర్: ఇసుకలో తేమ శాతం కూడా రాసి పెట్టుకోండి. కొంచెం తడిసినా గుణకం పెరిగిపోతుంది.

హిందూపురం_ఈసీఈ: అయితే అడ్డం పోలరైజేషన్ స్లాట్ ఒక్కటే తీసుకుంటాను. సిమ్యులేషన్ బ్యాచ్‌లో మిగతావాళ్లు చేస్తారు, రాగి పని నాది. ఫెర్రైట్ ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?

ఓర్వకల్లు_సోలార్: పాత కంప్యూటర్ పవర్ సప్లైల (ఎస్‌ఎంపీఎస్) ఫెర్రైట్ 200 మెగాహెర్ట్జ్‌కు పనికిరాదు, దాని జోలికి పోవద్దు. నికెల్-జింక్ రకం అడుగు. టైటిల్‌లో మాత్రం "వైడ్‌బ్యాండ్ స్లాట్ యాంటెన్నా" అనే రాయి. నానోవీఎన్ఏ కొనిస్తామని డిపార్ట్‌మెంట్ నుంచి ముందే సంతకం తీసుకో. అది రాకపోతే నా సలహా మారదు, 5జీయే చెయ్యి.