కారులో కూర్చున్నవాడు కూడా హంతకుడేనా?

సందేహజీవి:
క్రిమినల్ లా చదువుతూ ఒక చోట ఇరుక్కుపోయాను. ఇద్దరు కలిసి రాత్రిపూట ఒక ఇంట్లో దొంగతనానికి వెళ్లారనుకోండి. ఒకడు బయట కారులో కాపలా, రెండోవాడు తాళం పగలగొట్టి లోపలికి పోయాడు, ఇంటాయన లేచి అడ్డుపడితే కత్తితో పొడిచాడు, ఆయన చనిపోయాడు. కారులో ఉన్నవాడికి కత్తి సంగతే తెలీదు. వాడి మీద హత్య నేరం నిలబడుతుందా? కలిసి వెళ్లారు కాబట్టి ఇద్దరూ ఒకటే అని మా ఫ్రెండ్ ఒక్క మాటలో తేల్చేశాడు, నాకేమో మింగుడుపడటం లేదు.

నల్లకోటు:
ఏ దేశమో చెప్పకపోతే జవాబు లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మీ ఫ్రెండ్ మాటే చట్టం. దాన్ని ఫెలొనీ మర్డర్ రూల్ అంటారు. దోపిడీ లాంటి ప్రమాదకరమైన నేరం జరుగుతుండగా మనిషి చనిపోతే చంపే ఉద్దేశం ఉందా అని అడగరు, కారులో ఉన్నవాడూ హత్య ముద్దాయే. కాకపోతే సరిగ్గా ఇలా కారులో ఉన్నవాడికి మరణశిక్ష వేయడం కుదరదని అక్కడి సుప్రీంకోర్టు 1982లో ఎన్‌మండ్ కేసులో చెప్పింది, మళ్లీ 1987లో టైసన్ కేసులో, నేరంలో పెద్ద పాత్ర ఉండి ఎదుటివాడి ప్రాణం పోయినా లెక్కచేయకపోతే వేయొచ్చంది. కాలిఫోర్నియా 2019 నుంచి ఈ రూల్‌ని బాగా కుదించింది.

ఇంగ్లండ్‌లో ఈ రూల్‌ని 1957లోనే తీసేశారు. తీసేశారన్న మాటే గానీ, తోడు వెళ్లినవాడు "వీడు చంపినా చంపొచ్చు" అని ముందే ఊహించి ఉంటే చాలు, హత్య కిందే శిక్షించేవాళ్లు. 2016లో జోగీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, 1984 నుంచి మేం తప్పుదారి పట్టామని ఒప్పుకుంది. ఊహించడం ఉద్దేశానికి సాక్ష్యం మాత్రమే, అదే ఉద్దేశం కాదు అని.

పాతఫైళ్లు:
మన దగ్గరికొస్తే అందరూ ఉమ్మడి ఉద్దేశం దగ్గరే ఆగిపోతారు, అంటే ఒకే ఉద్దేశంతో కలిసి నేరం చేస్తే ఒకడు చేసిన పనికి అందరూ బాధ్యులే అనే సూత్రం. పాత శిక్షాస్మృతి ఐపీసీలో సెక్షన్ 34, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో 3(5). కత్తి సంగతి తెలీనివాడికి చంపే ఉద్దేశంలో వాటా ఉందని చూపడం ప్రాసిక్యూషన్‌కి కష్టమే, హత్య నుంచి బయటపడొచ్చు. అంతమాత్రాన ఇంటికి వెళ్లిపోతాడనుకోకండి. 331(8) చదవండి, పాత 460. రాత్రిపూట ఇల్లు పగలగొట్టే పనిలో ఒకడు కావాలని ప్రాణం తీస్తే, ఆ పనిలో కలిసి ఉన్న ప్రతివాడికీ యావజ్జీవం లేదా పదేళ్ల దాకా జైలు. చంపాలనుకున్నావా అని మిగతావాళ్లని ఆ సెక్షన్ అడగదు. పేరుకి హత్య కాదు, శిక్ష మాత్రం దాని పక్కనే కూర్చుంటుంది. అదే ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి దోపిడీ చేస్తూ ఒకడు హత్య చేస్తే 310(3), మరణశిక్ష దాకా అందరికీ.

సందేహజీవి:
460 మా నోట్స్‌లో లేనే లేదు! సరే, కారులో కూడా కాదు, కత్తి ఇచ్చి పంపి తను ఇంట్లో పడుకున్నవాడైతే?

పాతఫైళ్లు:
వాడికి సెక్షన్ 51, పాత 111. ప్రేరేపించిన పని ఒకటి, జరిగింది ఇంకొకటి అయినా, అది ఆ ప్రేరేపణ నుంచి జరగడానికి అవకాశం ఉన్న ఫలితమైతే బాధ్యత తప్పదు. సెక్షన్ కిందే ఉన్న ఉదాహరణల్లో రెండు చూడండి. ఇల్లు తగలబెట్టమంటే వెళ్లినవాడు పనిలో పనిగా సామాను కూడా ఎత్తుకొస్తే, ఆ దొంగతనం పంపినవాడి నెత్తిన పడదు. అర్ధరాత్రి దోపిడీకి ఆయుధాలిచ్చి పంపితే, అడ్డొచ్చినవాణ్ణి వాళ్లు చంపితే, అది ఊహించదగ్గ ఫలితమే అయితే హత్య శిక్షే.

నల్లకోటు:
అందుకే కోర్టులో గొడవంతా ఆయుధం చుట్టూనే తిరుగుతుంది. చూశాడా, ఎవరిచ్చారు, ముందు రోజు ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే "ఆయుధం ఉందని తెలుసా, లేదా" అని రెండుగా విడదీసి రాయండి, 331(8) మాత్రం రెండింట్లోనూ పెట్టండి.