బ్లాక్‌మోర్‌ని ఒక్క షోకైనా పిలవాలా? బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ లైనప్ మీద చర్చ

స్ట్రాట్68: 2024లో వచ్చిన '=1' ఆల్బమ్ మళ్ళీ విన్నా. ఇప్పటి గిటారిస్ట్ సైమన్ మెక్‌బ్రైడ్ బాగానే వాయించాడు, కాదనను. కానీ సింగర్ గిలన్, మొదటి గిటారిస్ట్ బ్లాక్‌మోర్ ఇద్దరూ 1945లో పుట్టినోళ్ళు, ఇంకెప్పుడు కలుస్తారు? ఒక్క షోకైనా ఆయన్ని పిలవాలి. 'మషీన్ హెడ్' ఆల్బమ్‌లో ఆ గిటార్ లేకుండా ఇది పేరుకే డీప్ పర్పుల్.

పేస్‌ఫ్యాన్: పేరుకే అంటే ఎలా బ్రో? 1968 నుంచి ప్రతి లైనప్‌లో ఉన్నది ఒక్క డ్రమ్మర్ ఇయాన్ పేస్. గిలన్ 1973లో వెళ్ళాడు, 1989లో తీసేశారు, 1992లో మళ్ళీ వచ్చాడు. బ్లాక్‌మోర్ అయితే రెండుసార్లు తనంతట తనే వదిలేశాడు. వెళ్ళిపోయినోడి దగ్గర బ్యాండ్ ఉంటుందా, నిలబడ్డోడి దగ్గర ఉంటుందా?

బర్న్74: గిలన్ వెళ్ళాక పాడిన కవర్‌డేల్, హ్యూస్ ఉన్న రోజుల్ని మీరిద్దరూ లెక్కలోకే తీసుకోరు.

స్ట్రాట్68: వాళ్ళ గురించి తర్వాత మాట్లాడదాం. బ్లాక్‌మోర్ వెళ్ళాక వచ్చిన గిటారిస్టులంతా ఖాళీ పూడ్చినోళ్ళే. 2016లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు స్టీవ్ మోర్స్ పేరుందా? కీబోర్డ్ వాయించే డాన్ ఎయిరీ పేరుందా? లేవు.

పేస్‌ఫ్యాన్: హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ చెప్తే అయిపోయిందా! మోర్స్ 1994 నుంచి 2022 దాకా 28 ఏళ్ళు ఉన్నాడు. బ్లాక్‌మోర్ రెండు విడతలూ కలిపినా పదహారో పదిహేడో. 28 ఏళ్ళు ఖాళీ పూడుస్తారా ఎవరైనా?

స్ట్రాట్68: ఏళ్ళు లెక్కపెట్టి సంగీతం తేలుస్తావా? రిఫ్‌లు, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే ఆ గిటార్ ముక్కలు ఎవరివి, అది చెప్పు.

వామీబార్: గిటారిస్ట్ జో సాట్రియానీని మర్చిపోయారు. 1993 నవంబర్‌లో బ్లాక్‌మోర్ టూర్ మధ్యలో వెళ్ళిపోతే జపాన్ షోలు వాయించింది ఆయనే. మోర్స్ వచ్చింది ఆ తర్వాత.

స్ట్రాట్68: అదే కదా నేనంటున్నది, అందరూ టెంపరరీ.

పేస్‌ఫ్యాన్: ఆ మాట ఇంకోసారి అనొద్దు. భార్యకి క్యాన్సర్ అని తప్పుకున్న మనిషి మోర్స్, అలిగి పోలేదు. మా నాన్నకి కీమో మొదలైనప్పుడు నేనూ మా బ్యాండ్ వదిలేశా, తిరిగి వెళ్ళేసరికి నా రిఫ్‌లే వాయిస్తూ పోస్టర్ మీద ఒరిజినల్ లైనప్ అని వేసుకున్నారు, అందులో నా పేరు లేదు, అడిగితే నువ్వు మధ్యలో వచ్చినోడివే కదా అన్నారు. ఆ మాట ఎక్కడ తగుల్తుందో నాకు తెలుసు.

స్ట్రాట్68: నీకు జరిగింది అన్యాయమే. కానీ దానికి బ్లాక్‌మోర్ మీద పడతావేంటి? ఆయన నీకేం చేశాడు?

బర్న్74: ఇద్దరూ కాస్త తగ్గండి.

స్ట్రాట్68: తగ్గేదేం లేదు, ఉన్నమాట చెప్తా. 2012లో కీబోర్డిస్ట్ జాన్ లార్డ్ పోయిన రోజే 'మషీన్ హెడ్' చేసిన ఆ ఐదుగురిని ఒకే స్టేజీ మీద ఇక చూడలేమని తేలిపోయింది. మార్షల్ ఆంప్ గుండా హామండ్ ఆర్గాన్‌ని గిటార్‌లా అరిపించిన మనిషి, ఆయన పక్కన నిలబడి పోటీపడి వాయించిన బ్లాక్‌మోర్, ఆ జోడీయే నాకు పర్పుల్ అంటే. ఇప్పుడు నలుగురు మిగిలారు. వాళ్ళలో ఒకరు పోయాక నివాళి షో పెడితే నాకెందుకు? నాకు కొత్త ఆల్బమ్ అక్కర్లేదు, బతికుండగా వీడ్కోలు కావాలి.

పేస్‌ఫ్యాన్: ఇది ముందే చెప్పుండొచ్చు. నాకు వీడ్కోలు వద్దు. 2013 నుంచి బాబ్ ఎజ్రిన్ ప్రొడక్షన్‌లో వచ్చిన రికార్డులు చూడు, ముసలి బ్యాండ్ పాత పాటల మీద బతకడం కాదది. మెక్‌బ్రైడ్‌తో ఇంకోటి చెయ్యాలి. బ్లాక్‌మోర్ వస్తే పేపర్లన్నీ ఆయన గురించే రాస్తాయి, ఈ కుర్రాడు మళ్ళీ మధ్యలో వచ్చినోడైపోతాడు.

వామీబార్: 1969లో లండన్ ఆల్బర్ట్ హాల్‌లో ఆర్కెస్ట్రాతో వాయించిన, లార్డ్ రాసిన కన్సర్టో ఉంది కదా. దాని స్కోర్ (రాసిపెట్టిన స్వరాలు) పోతే మళ్ళీ రాయించి 1999లో అక్కడే మోర్స్‌తో వాయించారు. అదే ఇంకోసారి పెట్టి బ్లాక్‌మోర్, మోర్స్, మెక్‌బ్రైడ్ ముగ్గుర్నీ పిలిస్తే?

స్ట్రాట్68: లార్డ్ పేరు మీదైతే నేను ఒప్పుకుంటా. మోర్స్ కూడా రావచ్చు. 'స్మోక్ ఆన్ ద వాటర్' సోలో మాత్రం బ్లాక్‌మోర్‌దే.

పేస్‌ఫ్యాన్: షో కావాలంటే పెట్టుకోనీ. సోలో మాత్రం ఆ రోజు బ్యాండ్‌లో ఉన్నోడిదే, అంటే మెక్‌బ్రైడ్‌ది. దీని మీద నేను వెనక్కి తగ్గను.